చిన్నపిల్లలతో క్రూయిజ్: రేవులో ఆగిన రోజు దిగాలా, దిగితే ఎంత దూరం వెళ్ళాలి?

క్రూయిజ్ టికెట్టు కొనేటప్పుడు కళ్ళు ముందుగా పడేది నౌక ఆగే ఊళ్ళ జాబితా మీదే. రోమ్, ఏథెన్స్, గ్రీస్ దీవి శాంటొరీని అని చదువుకుంటూ పోతుంటే ప్రతిచోటా పొద్దున్నే దిగి సాయంత్రం దాకా తిరగాలనిపిస్తుంది. ఐదారేళ్ళ లోపు పిల్లలు వెంట ఉంటే మాత్రం ఆ జాబితాను మరోలా చదవాలి. ఆ ఊళ్ళో ఏముందన్నది రెండో ప్రశ్న. పిల్లవాడు పేచీ మొదలుపెట్టాక ఎంతసేపట్లో వాణ్ణి క్యాబిన్‌లో పడుకోబెట్టగలమన్నది మొదటి ప్రశ్న. పదిహేను నిమిషాల్లో అయితే ఏ ఏర్పాటైనా ఫర్వాలేదు. రెండు గంటలైతే, చూడబోయేది ఎంత గొప్పదైనా మరోసారి ఆలోచించుకోవాలి. కింద ఉన్న పోలికలన్నిటికీ నేను వాడిన కొలత ఇదే.

ముందు గంటల లెక్క

ఉదయం 8 గంటలకు రేవు చేరి సాయంత్రం 5 గంటలకు బయలుదేరే నౌకను తీసుకుందాం. కాగితం మీద 9 గంటలు. స్థానిక అధికారులు అనుమతి ఇచ్చి గ్యాంగ్‌వే, అంటే నౌక నుంచి గట్టుకు దిగే దారి, తెరిచేసరికి అరగంటో ముప్పావుగంటో పోతుంది. సాయంత్రం అందరూ నౌక ఎక్కి తీరాల్సిన గడువు బయలుదేరే వేళకు అరగంట ముందు, కొన్నిసార్లు గంట ముందు ఉంటుంది. పిల్లలున్నవాళ్ళు దానికి ఇంకో గంట చేర్చుకోవడం మంచిది. పొద్దుటి తిండి, చెప్పులు, టోపీలు, తలుపు దాకా వచ్చాక గుర్తొచ్చే బాత్రూము, ఇవన్నీ అయ్యేసరికి ఎంత త్వరపడినా 9:30 అవుతుంది. మధ్యాహ్నం 3:30కల్లా వెనక్కి రావాలి. అంటే 6 గంటలు. భోజనానికీ పగటి నిద్రకూ రెండున్నర గంటలు తీసేస్తే చేతికి మిగిలేది మూడున్నర. రాకపోకలు కూడా ఇందులోంచే పోవాలి.

ఇప్పుడు రోమ్ సంగతి చూడండి. జాబితాలో రోమ్ అని ఉన్నా నౌక ఆగేది చివిటవెక్కియా రేవులో. అక్కడి నుంచి రోమ్ 70 కిలోమీటర్ల పైమాటే. రేవు లోపలి బస్సు, స్టేషన్ దాకా నడక, రైలు కలిపితే ఒక్కవైపే గంటన్నర పట్టవచ్చు. పై లెక్క ప్రకారం రోమ్‌లో ఉండగలిగేది అరగంట! పారిస్ పేరు చెప్పి ఆపే లె హావ్ర్ నుంచి పారిస్‌కు దాదాపు 200 కిలోమీటర్లు. బ్యాంకాక్ అన్నచోట పెద్ద నౌకలు చాలావరకు ఆగేది లేమ్ చబాంగ్‌లో, అదీ 100 కిలోమీటర్లు దాటిన దూరమే. ఫ్లోరెన్స్‌కు రేవు లివోర్నో. అందుకే జాబితాలో పెద్ద నగరం పేరు కనిపించగానే అసలు రేవు పేరేమిటో వెతకండి. అన్నీ ఇలాగే ఉంటాయని కాదు. ఏథెన్స్ రేవు పిరేయస్ నుంచి నగరం నడిబొడ్డుకు పది కిలోమీటర్లే, మెట్రో కూడా ఉంది.

ఈ లెక్కను తలకిందులు చేసేది ఒక్కటే: మీ పిల్లలు ఎక్కడ నిద్రపోతారన్నది. కొందరు బస్సు కదిలిన ఐదు నిమిషాల్లో వాలిపోతారు. వాళ్ళకు ప్రయాణమే నిద్ర అవుతుంది కాబట్టి దూరపు టూరు అంత భారం కాదు. మంచం, చీకటి, అలవాటైన దుప్పటి లేనిదే కన్ను మూయని పిల్లలు కొందరుంటారు. వాళ్ళతో గంటన్నర బస్సు ప్రయాణం బస్సులో ఉన్న అందరికీ గుర్తుండిపోతుంది. మీ పిల్లలు ఏ రకమో మీకు ముందే తెలుసు. టూరు గురించి రాసిన పొగడ్తల కన్నా ఆ సంగతే నమ్మదగ్గది.

గట్టు పక్కనే ఆగుతుందా, బోటులో దిగాలా?

చాలామంది అడగని ప్రశ్న ఇది. కొన్ని రేవుల్లో నౌక గట్టును ఆనుకుని ఆగుతుంది, గ్యాంగ్‌వే మీదుగా నడిచి దిగిపోవచ్చు. మరికొన్ని చోట్ల నౌక సముద్రంలోనే లంగరు వేస్తుంది, చిన్న టెండర్ బోట్లు జనాన్ని ఒడ్డుకు చేరుస్తాయి. శాంటొరీని, గ్రాండ్ కేమన్, బెలీజ్ సిటీ, కాబో సాన్ లూకాస్, ఫ్రాన్స్‌లోని విల్‌ఫ్రాంష్ ఈ రెండో రకం. మీ నౌక ఏ రేవులో ఎలా ఆగుతుందో క్రూయిజ్ వివరాల్లోనే రాసి ఉంటుంది.

గట్టు పక్కనే ఆగితే రోజును రెండు ముక్కలు చేసుకోవచ్చు. పొద్దున రెండు గంటలు బయట తిరిగి, డబ్బు ఎలాగూ కట్టేసిన భోజనానికి నౌకకు వచ్చి, పిల్లల్ని సొంత మంచం మీద పడుకోబెట్టి, లేచాక ఓపికుంటే మళ్ళీ ఓ గంట దిగవచ్చు. పిల్లలున్న ఇంటికి ఇంతకు మించిన ఏర్పాటు నాకు కనిపించలేదు. టెండర్ రేవులో ఇది కుదరదు. బోటు కోసం వరుసలో నిలబడాలి, స్ట్రోలర్ (పిల్లల తోపుడు బండి) మడిచి చేత్తో పట్టుకోవాలి, అలలకు ఊగే బోటులోకి సిబ్బంది చెయ్యి పట్టుకుని అడుగేయాలి. వచ్చేటప్పుడు మళ్ళీ అదంతా, ఈసారి ఎండలో. సముద్రం కాస్త పోటు మీదుంటే టెండర్లను ఆపేస్తారు, రేవునే వదిలేసి వెళ్ళిపోవడమూ జరుగుతుంది. పైగా నౌక వాళ్ళ టూరు కొన్నవాళ్ళను ముందు బోట్లలో పంపుతారు కాబట్టి, సొంతంగా వెళ్ళేవాళ్ళకు పొద్దున్నే మరో గంట పోవచ్చు.

నడక రాని బిడ్డను గుండెకు కట్టుకునే క్యారియర్‌లో వేసుకుంటే టెండర్ పెద్ద ఇబ్బంది కాదు. ఏడాదిన్నర నుంచి మూడేళ్ళ మధ్య, చంకలో ఉండనని, చెయ్యి పట్టుకోనివ్వనని గింజుకునే వయసులోనే కష్టం. ఇద్దరు అలాంటివాళ్ళుంటే, శాంటొరీని అయినా సరే, ఆ రోజు నౌక దిగకపోవడమే మేలంటాను. అక్కడ బోటు దిగాక కూడా ఫీరా ఊరు కొండ మీద ఉంటుంది. పైకి వెళ్ళడానికి కేబుల్ కారు వరుస, లేదంటే 600కు దగ్గరగా ఉన్న మెట్లు.

గట్టు రేవుల్లోనూ ఒక మెలిక ఉంది. సరుకు నౌకలు ఆగే పెద్ద రేవుల్లో లోపల నడవనివ్వరు, గేటు దాకా షటిల్ బస్సు ఎక్కాల్సిందే. మరికొన్ని చోట్ల గట్టే చాంతాడంత పొడుగు. చిన్న కాళ్ళకు ఆ నడకతోనే సగం శక్తి ఖర్చవుతుంది, స్ట్రోలర్ ఉండాల్సింది అక్కడే.

దిగకుండా నౌకలోనే ఉండిపోతే

దిగకపోతే డబ్బు దండగ అనుకునేవాళ్ళుంటారు. నిజానికి రేవు రోజున 10 నుంచి 3 దాకా నౌక ఖాళీగా ఉంటుంది. జారుడుబల్లల దగ్గర వరుసలుండవు, ఆడుకునే చోటు దాదాపు మీ పిల్లలదే. మూడేళ్ళు దాటి డైపర్ మానేసిన పిల్లలకు ఇది మంచి రోజు. కిడ్స్ క్లబ్బులు చాలా నౌకల్లో ఈ వయసు నుంచే చేర్చుకుంటాయి, రేవు రోజునా తెరుస్తాయి. వేళలు మారవచ్చు కనుక ముందు రోజు రాత్రే అడిగి తెలుసుకోవాలి. షాపులు, కాసినో మాత్రం రేవులో ఉండగా సాధారణంగా మూసేస్తారు. పర్సుకు అదీ ఒక లాభమే.

డైపర్ వాడే పిల్లలకు చిక్కొకటి ఉంది. అమెరికా రేవులకు వచ్చే నౌకలకు అక్కడి ఆరోగ్య సంస్థ సీడీసీ నిబంధనలు వర్తిస్తాయి. వాటి ప్రకారం ఈత డైపర్ వేసినా సరే, బాత్రూము అలవాటు కాని పిల్లల్ని మామూలు పూల్‌లోకి దించకూడదు. డైపర్ పిల్లల కోసమే ప్రత్యేకంగా కట్టిన నీటి ఆటల చోటు ఉంటేనే వాళ్ళకు నీళ్ళు. అలాంటిది మీ నౌకలో ఉందో లేదో బుక్ చేసేటప్పుడే చూసుకోండి. లేకపోతే రెండేళ్ళ పాప ఖాళీ పూల్‌ను చూస్తూ ఒడ్డున ఏడుస్తుంది. అప్పుడు దిగడమే నయం.

పిల్లలు నిద్రపోయే వేళ తల్లిదండ్రుల్లో ఒకరు నౌకలో ఉండి మరొకరు ఊళ్ళో ఓ రెండు గంటలు తిరిగి రావడం కూడా మంచి పద్ధతి. తాతలో అమ్మమ్మలో వెంట ఉంటే ఇంకా సులువు. దీన్నెందుకో చాలామంది తప్పుగా భావిస్తారు. ఒక కోటను నలుగురూ విసుగ్గా చూడటం కన్నా ఒకరు ఇష్టంగా చూసి రావడంలో తప్పేముంది?

రేవు చుట్టుపక్కలే

అన్నిటిలోకీ నా మొగ్గు దీనికే. ఖర్చు తక్కువ, వెనక్కి రావడం తేలిక, విసుగొస్తే ఎవరికీ జవాబు చెప్పనక్కర్లేదు. అయితే ఊరును చూసి ఎంచుకోవాలి. సిడ్నీలో సర్క్యులర్ కీ దగ్గర దిగితే ఫెర్రీలు కళ్ళెదురుగా తిరుగుతుంటాయి, బొటానిక్ గార్డెన్ నడిచి వెళ్ళేంత దగ్గర. ఇటలీలోని జెనోవాలో పాత రేవు దగ్గర 1992లో తెరిచిన పెద్ద అక్వేరియం ఉంది, క్రూయిజ్ టెర్మినల్ నుంచి ఆ నడక పెద్దది కాదు. మాల్టాలోని వాలెట్టాలో నౌక దిగిన ఒడ్డు నుంచి పై ఊరికి లిఫ్టు ఉంది. కోట గోడ పక్కన దాదాపు 58 మీటర్లు ఎక్కే ఆ లిఫ్టే పిల్లలకు సగం విహారం. అలాస్కాలోని జూనోలో కొండ మీదికి వెళ్ళే కేబుల్ కారు, మౌంట్ రాబర్ట్స్ ట్రామ్, నౌకలు ఆగే చోటు పక్కనే మొదలవుతుంది.

రేవు పేరు తెలిశాక మ్యాప్‌లో చూడాల్సినవి మ్యూజియంలూ చర్చిలూ కావు. పార్కు, ఆటస్థలం, ఫౌంటెన్, అక్వేరియం, ఫెర్రీ, చిన్న రైలు, వీటిని వెతకండి. గట్టు నుంచి నడక దూరం చూడండి, ఎత్తుపల్లాలు చూడండి, ఆ రోజు సెలవేమో చూడండి. యూరప్‌లో చాలా మ్యూజియంలకు సోమవారం సెలవు. రాళ్ళు పరిచిన పాత వీధులు, మెట్లు ఉన్న ఊళ్ళలో స్ట్రోలర్ మోసుకు తిరగాల్సిన బరువే అవుతుంది, క్యారియర్ తీసుకెళ్ళడం తెలివైన పని.

పిల్లలు దేన్ని చూసి ఆగిపోతారో చెప్పలేం. నౌకను గట్టుకు కట్టిన మోకులను గమనించారా? ఒక్కోటీ పిల్లవాడి తొడంత లావుంటుంది. చాలా రేవుల్లో వాటికి మధ్యలో గుండ్రటి రేకులు తొడిగి ఉంటాయి. తాడు వెంట ఎలుకలు నౌకలోకి పాకకుండా అడ్డం అవి. ఆ సంగతి నాలుగేళ్ళ పిల్లకు చెప్పి చూడండి, ఎలుక ఎక్కడి దాకా వస్తుంది, రేకు తగిలాక ఏం చేస్తుంది, నీళ్ళలో పడితే ఈత వచ్చా అని అరగంట ప్రశ్నలు తెగవు. ఊళ్ళోకి వెళ్ళకముందే సగం పొద్దు గడిచిపోతుంది, అదీ రూపాయి ఖర్చు లేకుండా.

బీచ్ అయితే ఏ బీచ్?

బీచ్ రోజుల్లోనూ మూడు రకాలున్నాయి. క్రూయిజ్ కంపెనీల సొంత దీవులు మొదటివి. డిస్నీ వారి కాస్టవే కే, రాయల్ కరీబియన్ వారి కోకోకే బహామాస్‌లో ఉన్నాయి. రెండుచోట్లా నౌక గట్టుకే ఆగుతుంది, మధ్యాహ్న భోజనం టికెట్టులోనే కలిసి ఉంటుంది, పిల్లల నీటి ఆటలు కొన్ని ఉచితం. టాక్సీ బేరం లేదు, దారి తప్పే భయం లేదు. మొదటిసారి వెళ్ళే కుటుంబానికి ఇంత సులువైనది మరొకటి లేదు. కాకపోతే ఆ దేశాన్ని చూశామని చెప్పుకోవడానికి ఏమీ ఉండదు. ఆలస్యంగా దిగితే నీడ ఉన్న కుర్చీలు దొరకవు. కోకోకేలో పెద్ద వాటర్ పార్కుకు విడిగా డబ్బు కట్టాలి. ఐదేళ్ళ లోపు పిల్లల కోసమైతే ఆ ఖర్చు వద్దంటాను. ఎత్తు చాలక వాళ్ళను ఎక్కనివ్వని జారుడుబల్లలే అక్కడ ఎక్కువ.

రెండోది డే పాస్. ఏదైనా రిసార్టుకో బీచ్ క్లబ్బుకో ఒక రోజు రుసుము కట్టి అక్కడి పూల్, గొడుగులు, బాత్రూములు వాడుకోవడం. నాకు ఇది సొంత దీవి తర్వాతి స్థానంలో ఉంటుంది. ఫోటోల్లో కనిపించే నీలి నీళ్ళు చూసి మోసపోకుండా, మంచినీళ్ళ షవరుందా, చెట్ల నీడ ఉందా, పూల్‌లో పిల్లల లోతు ఉందా అని అడగండి. నౌక ఆ రేవులో ఆగకపోతే డబ్బు వాపసు ఇస్తారో లేదో రాతపూర్వకంగా తెలుసుకున్నాకే కట్టండి. మూడోది ఊరి జనం వెళ్ళే మామూలు బీచ్. ఉచితం, సందడి, ఇష్టమొచ్చినంత సేపు. కానీ లైఫ్‌గార్డు ఉండకపోవచ్చు, బాత్రూము ఎక్కడో ఉంటుంది. గంటకో బాత్రూము అడిగే వయసు పిల్లలతో డే పాస్ డబ్బు దండగేం కాదు.

ఏ బీచ్ అయినా 10 నుంచి 4 దాకా ఎండ నిప్పులు చెరుగుతుంది. మన రేవు వేళలు సరిగ్గా అవే. ఆరు నెలల లోపు బిడ్డలకు సన్‌స్క్రీన్ బదులు నీడ, పొడుగు చేతుల పల్చటి బట్ట, టోపీ వాడమని పిల్లల వైద్యులు చెబుతారు. పెద్ద పిల్లలకు రెండు గంటలకోసారి, నీళ్ళలోంచి లేచినప్పుడల్లా మళ్ళీ రాయాలి. హవాయిలో 2021 నుంచి, పగడాలకు హాని చేసే ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ ఉన్న సన్‌స్క్రీన్ల అమ్మకం నిషేధం. జింక్ ఆక్సైడ్ రకం ఇంటి నుంచే తెచ్చుకుంటే ఎక్కడైనా పనికొస్తుంది. గాలి నింపిన బొమ్మ చక్రాలు ఆటకే, వాటి మీద భరోసా పెట్టుకోవద్దు. పిల్లలకు సరిపోయే లైఫ్ జాకెట్టు వేరే సంగతి.

టూరు: నౌక వాళ్ళదా, సొంతంగా మాట్లాడుకున్నదా?

నౌక వాళ్ళ టూరులో కొనేది ముఖ్యంగా నిశ్చింత. బస్సు దారిలో ఇరుక్కుని ఆలస్యమైతే నౌక ఆగుతుంది, లేదంటే తర్వాతి రేవుకు చేర్చే బాధ్యత వాళ్ళే చూసుకుంటారు. సొంతంగా వెళ్ళినవాళ్ళ కోసం ఆగదు. ఈ నిశ్చింతకు చెల్లించేది డబ్బు ఒక్కటే కాదు. నలభై మంది కదిలే వేగంతో మీరూ కదలాలి, గైడు చెప్పేది ముగిసేదాకా పిల్లవాడు నిలబడాలి, మధ్యలో వెనక్కి వెళ్ళిపోతామంటే దారి ఉండదు. అందుకే రెండున్నర, మూడు గంటలు మించని టూర్లే చూడండి. అద్దాల అడుగున్న బోటు, చిన్న రైలు, జంతువులను చూపించేవి ఈ వయసుకు నప్పుతాయి. కనీస వయసు ఎంతో, బాత్రూము ఎక్కడెక్కడ దొరుకుతుందో డబ్బు కట్టకముందే అడగాలి.

కారు మాట్లాడుకుంటే పెత్తనం మీ చేతిలో ఉంటుంది. బిడ్డ నిద్రపోతే కారు ఆపించవచ్చు, ఏడిస్తే వెనక్కి తిప్పించవచ్చు. నలుగురున్న కుటుంబానికి తలా ఒక టూరు టికెట్టు కన్నా చవకగా పడటమూ ఉంది. చిక్కంతా పిల్లల సీటు దగ్గరే వస్తుంది. రేవు బయట నిలబడే టాక్సీల్లో అది ఉంటుందని అనుకోవద్దు. ముందుగా బుక్ చేసి, బిడ్డ వయసు, బరువు రాసి, సీటు ఇస్తామన్న జవాబు తెప్పించుకోండి, లేదా మీ సీటు మీరే తీసుకెళ్ళండి. రెండూ కుదరకపోతే కారు మాట మానుకుని రైలో, ఫెర్రీయో, కాలినడకో చూసుకోండి. వెళ్ళేటప్పుడే తిరిగి రావడానికి కూడా బేరం మాట్లాడుకుని, పూర్తి డబ్బు రేవు గేటు దగ్గర దిగాకే ఇవ్వాలి.

సొంతంగా తిరిగేవాళ్ళకు గడియారం విషయంలో ఒక హెచ్చరిక. నౌక తన సమయాన్ని ప్రతి రేవులోనూ మార్చుకోదు, ఫోను మాత్రం తనంతట తాను మార్చేసుకుంటుంది. మెక్సికోలోని కోజుమెల్ ఉన్న రాష్ట్రంలో 2015 నుంచి ఏడాదంతా ఒకే సమయం. ఫ్లోరిడాలో మాత్రం వేసవిలో గడియారాన్ని గంట ముందుకు జరుపుతారు. వేసవిలో ఫ్లోరిడా నుంచి వచ్చిన నౌక తన గడియారం మార్చకపోతే, నౌకలో 4:30 అయినప్పుడు మీ ఫోను 3:30 అంటుంది. ఇంకా గంట ఉందనుకుని పిల్లలకు ఐస్‌క్రీం కొనిస్తూ కూర్చుంటే నౌక వెళ్ళిపోతుంది. చేతికి మామూలు వాచీ పెట్టుకుని నౌక సమయానికి సరిచేసుకోండి. ఆ రోజు కార్యక్రమ పత్రంలో పోర్టు ఏజెంట్ (ఆ రేవులో నౌక తరఫున పనులు చూసే మనిషి) నంబరు ఉంటుంది, దాన్ని ఫోటో తీసి ఉంచుకోండి.

బఫే నుంచి పండ్లో శాండ్‌విచ్‌లో సంచీలో వేసుకుని దిగుదామనుకుంటే, చాలా దేశాల్లో వ్యవసాయ నిబంధనలు ఒప్పుకోవు, కొన్నిచోట్ల జరిమానా కూడా. సీలు తీయని బిస్కెట్ల పొట్లాలకు మామూలుగా అభ్యంతరం ఉండదు.

ఎవరికి ఏది?

ఏడాది లోపు బిడ్డతో తిరగడం జనం అనుకున్నంత కష్టం కాదు. క్యారియర్‌లో నిద్రపోతూ ఉంటుంది, రేవు చుట్టుపక్కల నడక హాయిగా సాగుతుంది. ఒకటి నుంచి మూడేళ్ళ వాళ్ళతో గట్టు రేవైతే రెండు ముక్కల రోజు, టెండర్ రేవైతే నౌకలోనే. మూడు నుంచి ఐదేళ్ళ వాళ్ళకు బీచ్ డే పాస్ లేదా సొంత దీవి. ఆరు దాటితే చిన్న టూర్లు మొదలుపెట్టవచ్చు. వయసు తేడా ఉన్న ఇద్దరుంటే చిన్నవాళ్ళను బట్టి ఎంచుకుని, పెద్ద బిడ్డను ఒక పూట అమ్మో నాన్నో విడిగా తీసుకెళ్ళడం మంచిది.

నాలుగైదు రేవులున్న యాత్రలో పెద్ద తిరుగుడు ఒక్కదానికే పెట్టుకోండి. అది మొదటి రేవు కాకూడదు, పిల్లలకు నౌకలో నిద్రే ఇంకా అలవాటై ఉండదు. మర్నాడు రేవేదీ లేకుండా సముద్రంలోనే గడిచేలా చూసి ఆ రోజును ఎంచుకుంటే, అలిసిన పిల్లలు పొద్దెక్కేదాకా పడుకోవచ్చు. బుక్ చేసిన టూరును ఎప్పటిదాకా రద్దు చేసుకోవచ్చో ఆ తేదీని క్యాలెండరులో రాసుకోండి. పిల్లలకు జలుబు మొదలయ్యేది సాధారణంగా ఆ గడువు దాటిన మర్నాడే.